ముందు పొట్టలోని జీవులకు మేత... ఆ తర్వాతే గేదెకు!

నరసరావుపేట: పెళ్లి బాగా జరిగింది. బంతులు లేచాయి. గుండిగల్లో అన్నం మిగిలిపోయింది. పారేయడానికి మనసొప్పక ఇంటావిడ దాన్ని తీసుకెళ్లి కుడితి గోలెంలో పోసింది. గేదె ఆవురావురుమంటూ తినేసింది. సాయంత్రానికి నెమరు ఆపేసింది. తెల్లారేసరికి మూతి వేలాడేసుకుని, కాళ్లు ఈడుస్తూ నిలబడింది. మర్నాడు పడింది. ఇక లేవలేదు.

పల్నాడులో ఏ ఊరికెళ్లి అడిగినా ఇలాంటి కథ ఒకటి చెబుతారు. అన్నం కాకపోతే కళ్లంలో జొన్నల రాశి, అదీ కాకపోతే మూతి విప్పి వదిలేసిన నూకల బస్తా. నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ జరిగింది. పలుపు తెంపుకున్న చూడి గేదె రాత్రికి రాత్రి జొన్నల రాశి మీద పడి తిన్నంత తిని, మూడోనాడు చనిపోయింది. దిష్టి తగిలిందన్నారు. ఆ ఏడాదంతా మా నాయన పాలు కొని పోయించుకున్నాడు. అది దిష్టి కాదని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, పశువైద్యుల వెంట తిరిగి ఈ పేజీకి రాయడం మొదలుపెట్టాకే.

ఒకటో రెండో గేదెలతో ఇల్లు గడుపుకునే చిన్న రైతుకు గేదె పోవడమంటే ఏడాది ఆదాయం పోవడమే. అందుకే గేదె పొట్టలో ఏం జరుగుతుందో ప్రతి పాడి రైతూ ఒకసారి తెలుసుకోవాలి. అది తెలిస్తే ఏది పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏ పొడికి డబ్బు దండగ అన్నది ఎవరూ చెప్పక్కర్లేదు.

పొట్ట కాదు, పులిసే గోలెం

గేదె, ఆవు, గొర్రె, మేక... ఇవన్నీ నెమరు వేసే జీవాలు. వీటి పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటిది అన్నిటికంటే పెద్దది. డాక్టర్లు రూమెన్ అంటారు. మనం పెద్దపొట్ట అందాం. ఎదిగిన గేదెలో ఇది వంద లీటర్లకు పైగా పడుతుంది. ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి చూస్తే కదులుతూ తగిలేది ఇదే.

గడ్డిలోని పీచును అరిగించే శక్తి గేదెకు లేదు. మనకూ లేదు. ఆ పని చేసేవి పెద్దపొట్టలో కాపురముండే కంటికి కనపడని జీవులు. ఒక్క చుక్క పొట్టనీటిలో అవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. గేదె మేసిన గడ్డిని ఇవి పులియబెడతాయి. వెనకటికి మన ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. వెచ్చగా, మూతపెట్టి ఉంచితే అన్నమూ గంజీ వాటంతటవే పులిసేవి. గేదె పొట్ట కూడా అలాంటి కుండే. ఎప్పుడూ 39 డిగ్రీల వెచ్చదనం, లోపల గాలి ఆడదు, పైనుంచి మేత పడుతూనే ఉంటుంది.

అలా పులిసినప్పుడు కొన్ని పలచని ఆమ్లాలు పుడతాయి. పొట్ట గోడల్లోంచి అవి రక్తంలో కలుస్తాయి. గేదెకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం వీటినుంచే వస్తుంది. వాటిలో ఎసిటిక్ ఆమ్లం పాలలో వెన్నగా మారుతుంది. అది పీచు మేత పులిసినప్పుడు ఎక్కువగా తయారవుతుంది. దాణా ఎక్కువై గడ్డి తక్కువైన గేదె పాలకు కేంద్రంలో వెన్న శాతం పడిపోయేది ఇందువల్లే. పాలు పోసేది వెన్న లెక్కన గనక ఈ సంగతి నేరుగా జేబుకు తగిలేదే.

ఇంతటితో అయిపోలేదు. ఈ జీవులు పెరిగి పెరిగి గడ్డితోపాటు కింది అరల్లోకి జారిపోతాయి. అక్కడ గేదె వాటినే అరిగించుకుంటుంది. గేదెకు అందే మాంసకృత్తుల్లో పెద్ద వాటా వీటిదే. మనం గడ్డి వేసేది ఈ జీవులకు. గేదె బతికేది వాటి మీద.

ఎందుకు చచ్చిపోయింది?

పెద్దపొట్టలో రెండు రకాల జీవులున్నాయనుకోండి. పీచు తినేవి నిదానస్తులు. అన్నం, నూకలు, జొన్నల్లాంటి పిండి పదార్థం తినేవి దూకుడుగలవి. రోజూ గడ్డి తినే గేదెలో మొదటి రకానిదే పైచేయి. పొట్ట పులుపు ఒక హద్దులో ఉంటుంది. నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలంలో సోడాలాంటి లవణం ఉండి, పులుపును ఎప్పటికప్పుడు విరిచేస్తుంటుంది. పెద్ద పశువుకు రోజుకు వంద లీటర్ల దాకా లాలాజలం ఊరుతుందంటే నమ్మలేం గానీ నిజం.

ఒక్కసారిగా గంపెడన్నం పడితే దూకుడు జీవులు గంటల్లో లెక్కలేనంతగా పెరిగిపోతాయి. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పెరుగును పులిపించేదీ ఆ ఆమ్లమే. పొట్ట పూర్తిగా పులిసిపోతుంది. పీచు తినే జీవులు చచ్చిపోతాయి. ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాగేసుకుంటుంది. రక్తం చిక్కబడుతుంది, కళ్లు లోతుకు పోతాయి, పేడ పలచగా పుల్లటి వాసనతో పారుతుంది. కొన్ని బతికి బట్టకట్టినా గిట్టలు దెబ్బతిని కుంటుతూ మిగిలిపోతాయి. పండగ బూరెలు, గారెలు, పాయసం, చెడిపోయిన పిండి, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. ‘గేదె గదా, ఏం పెట్టినా అరాయించుకుంటుందిలే’ అనుకోవద్దు.

గొర్రెల్లో ఇంకో ముప్పు ఉంది. మాచర్ల, గురజాల ప్రాంతాల కాపర్లకు చిటుకు రోగం కొత్త కాదు. ఎండాకాలమంతా ఎండుమేత తిన్న మంద తొలకరి పడగానే లేత పచ్చిక మీద పడుతుంది. అరగని మేత పేగుల్లోకి జారితే అక్కడుండే విషక్రిమి ఒక్కసారిగా పెరుగుతుంది. బాగా మేసిన, బలంగా ఉన్న పిల్లే ముందు పోతుంది. దీనికి టీకా ఉంది. తొలకరికి ముందే, అంటే మే నెలలోనే వేయించాలి. తొలి వారం పది రోజులు పొద్దున్నే కాస్త ఎండుమేత పెట్టి ఆ తర్వాత పచ్చికలోకి తోలడం మంచిది.

మార్పు నెమ్మదిగా

వీటన్నిటికీ మందు ఒక్కటే. మేత ఏదైనా సరే, మార్చేటప్పుడు నిదానంగా మార్చాలి. పాలు తోడుకోవడానికి రాత్రంతా పట్టినట్టే, పొట్టలోని జీవులు కొత్త మేతకు అలవాటు పడాలంటే పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. సంతలో గేదెను కొన్నప్పుడు అది అక్కడ ఏం తినేదో అడిగి తెలుసుకోండి. మొదటి వారం అదే పెట్టండి. కొత్త దాణా అయితే రోజుకు పావు కిలో చొప్పున పెంచుకుంటూ పోండి.

ముందు గడ్డి, తర్వాత దాణా అన్నది మరో సూత్రం. ఖాళీ పొట్టలో దాణా పడకూడదు. ఇచ్చే దాణాను ఒక్కసారే కుమ్మరించకుండా రెండు మూడు సార్లుగా పంచి ఇవ్వాలి.

ఎంత పెట్టాలి?

ఎదిగిన పాడి గేదెకు రోజుకు పచ్చిమేత 25 నుంచి 30 కిలోలు, వరిగడ్డి లేదా జొన్నచొప్ప 5, 6 కిలోలు ఉంటే బాగు. ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర దాణా, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున ఇవ్వాలి. పచ్చిమేతలో పిల్లిపెసర, అలసంద, లూసర్న్ వంటివి కలిస్తే దాణా కొంత తగ్గించవచ్చు. నీళ్లు రోజుకు 50, 60 లీటర్లు తాగాలి. ఎండాకాలం ఇంకా ఎక్కువ. నీళ్లు తక్కువైతే పులిసే పని మందగిస్తుంది, గేదె మేత తగ్గించేస్తుంది.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. వంద కిలోలకు జొన్న లేదా మొక్కజొన్న నూక 30, వేరుశనగ చెక్క లేదా పత్తిగింజల చెక్క 30, తవుడు, కందిపొట్టు, శనగపొట్టు కలిపి 37, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. బూజు పట్టిన వేరుశనగ చెక్కను చౌకగా వస్తోందని తేవద్దు. దానిలోని విషం పాలలోకి కూడా వస్తుంది. పత్తిచెక్క దూడలకు పెట్టవద్దు.

వరిగడ్డికి బలం

మన దగ్గర సాగర్ కుడికాలువ కింద పండే వరిగడ్డే చాలామందికి దిక్కు. అయితే దానిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. పొట్టలోని జీవులకు పెరగడానికి నత్రజని చాలదు. అందుకే వట్టి గడ్డి తిన్న గేదె పొట్ట నిండుగానే కనిపిస్తుంది గానీ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

దీనికి యూరియా శుద్ధి మంచి ఉపాయం. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా చాలు. యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించాలి. గడ్డిని పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా ఈ నీళ్లు సమంగా చల్లి, బాగా తొక్కాలి. చివరికి పాలిథిన్ పట్టాతో గాలి దూరకుండా కప్పి అంచుల మీద మట్టి వేయాలి. 21 రోజుల తర్వాత తీయాలి. యూరియా అమ్మోనియాగా మారి గడ్డిలోని గట్టి పీచును మెత్తబరుస్తుంది, కొంత గడ్డిలోనే నిలిచి జీవులకు మేతవుతుంది. మాంసకృత్తులు ఏడు శాతం దాకా పెరుగుతాయి.

ఒక్క జాగ్రత్త. తీసిన గడ్డిని గంటసేపు గాలికి ఆరబెట్టి, ఘాటు వాసన పోయాకే వేయాలి. మొదట్లో మామూలు గడ్డిలో కొద్దిగా కలిపి అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. వాటి పెద్దపొట్ట ఇంకా పూర్తిగా సిద్ధమై ఉండదు. యూరియాను కుడితిలో కలపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అది నేరుగా విషమే. యూరియా బస్తా, యూరియా కలిపిన బకెట్టు పశువుల కొట్టంలో ఉంచవద్దు. అలాగే కోత యంత్రం వెనక తడిసి నల్లబడ్డ గడ్డి, బూజు గడ్డి ఏరి పారేయండి. ఆ గడ్డి తిన్న గేదెలకు తోక చివర, చెవుల కొసలు ఎండి రాలిపోయే జబ్బు వస్తుంది.

ఉప్పు, ఖనిజాలు మరవద్దు

పొట్టలోని జీవులకు భాస్వరం, గంధకం, కోబాల్ట్ వంటివి కావాలి. కోబాల్ట్ ఉంటేనే అవి బి-12 విటమిన్ తయారుచేస్తాయి. వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఈ ఎగుడుదిగుడు సరిచేసేదే ఖనిజ లవణ మిశ్రమం. పాలిచ్చే గేదెకు రోజుకు 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు ఇవ్వాలి. పైన చెప్పిన దాణాలో ముందే కలిపి ఉంటే మళ్లీ విడిగా అక్కర్లేదు. పిడుగురాళ్ల సున్నం మన ముంగిట్లోనే దొరుకుతుంది కదా అని కొందరు సున్నపుతేటతో సరిపెడుతుంటారు. దానిలో కాల్షియం ఒక్కటే. మిగతావి రావు.

సుబాబుల్ చెప్పిన పాఠం

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం సుబాబుల్ బాగా వేశారు. దాని ఆకు మంచి మేత. మాంసకృత్తులు 20 శాతానికి పైనే. కానీ దానిలో మైమోసిన్ అనే విషం ఉంది. మితిమీరి మేస్తే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర గ్రంథి వాస్తుంది, పశువు చిక్కిపోతుంది. ఆస్ట్రేలియాలో పశువులకు ఇదే జరిగింది. హవాయి దీవుల్లో మాత్రం మేకలు అదే ఆకును ఇష్టంగా మేసి నిక్షేపంగా ఉండేవి. రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త తేడా పశువులో లేదు, పొట్టలోని జీవుల్లో ఉందని పసిగట్టారు. 1980ల్లో హవాయి మేకల పొట్టనుంచి ఆ జీవులను తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు పట్టించారు. పాలకు తోడు వేసినట్టే పనిచేసింది. విషం విరిగిపోయింది. ఒక పశువు నుంచి మందలో మిగతావాటికీ ఆ జీవి పాకింది. 1992లో దానికి ఆయన పేరు కలిపి సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు.

మన రైతుకు ఇందులో పాఠం ఏమిటంటే, సుబాబుల్ ఆకు మేతలో మూడో వంతుకు మించకూడదు. కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. గుర్రాలకు, కుందేళ్లకు వేయకండి. వాటికి మేత పులిసేది పొట్టలో కాదు, పేగుల చివర. అక్కడికి చేరేలోపే విషం ఒంటికి పట్టేస్తుంది. లేత జొన్న సంగతీ అంతే. నీటి ఎద్దడికి గిడసబారిన జొన్న, కోత తర్వాత వచ్చే పిలకలు మేస్తే పొట్టలోనే విషవాయువు పుట్టి నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. నాము అని పెద్దలు చెప్పేది దీన్నే. పూత దశకు వచ్చాకే జొన్నను పచ్చిగా మేపండి.

సీసాలూ, పొడులూ

ఇప్పుడు ఏ మందుల షాపుకెళ్లినా పాలు పెంచే పొడులు రంగురంగుల డబ్బాల్లో కనిపిస్తాయి. వాటిలో కొన్ని నిజంగానే పనికొచ్చేవి. ఈస్ట్ కలిపినవి పొట్ట పులుపును కొంత అదుపులో ఉంచి పీచు అరగడానికి సాయపడతాయి. ఎక్కువ దాణా తినే, ఎక్కువ పాలిచ్చే పశువుల్లో వీటి ఫలితం కనిపించవచ్చు. రోజుకు నాలుగు లీటర్లిచ్చే గేదెకు వట్టి వరిగడ్డి వేస్తూ పైన డబ్బా పొడి చల్లితే ఏం ఒరగదు. కాలువలో నీళ్లు లేకుండా మోటారు మార్చినట్టుంటుంది. డబ్బు పెట్టాలనుకుంటే ముందు అర ఎకరం పశుగ్రాసం మీద, ఆ తర్వాత ఖనిజ మిశ్రమం మీద పెట్టండి. పొడుల సంగతి ఆఖర్న.

జబ్బుపడి రోజుల తరబడి మేయని పశువుకు పశువైద్యులు ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న పశువు పొట్టనీటిని తెచ్చి పట్టిస్తారు. చచ్చిన జీవుల చోట కొత్తవాటిని నాటడమన్నమాట. ఏ డబ్బాలోనూ అంతటి మందు లేదు.

ఈ గుర్తులు చూసుకోండి

తీరిగ్గా పడుకున్న గేదెల్లో సగానికి పైగా నెమరు వేస్తుంటే పొట్ట బాగున్నట్టే. రోజు మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వేయాలి. పేడ మరీ పలచగానూ, గట్టి ఉండల్లానూ ఉండకూడదు. పేడలో గింజలు గింజలుగా కనిపిస్తే దాణా దండగవుతున్నట్టు లెక్క. గింజను నూకగా పట్టించి వేయండి.

గింజలో అన్నమో ఎక్కువ తిన్నదని తెలిసిన వెంటనే, లక్షణాలు కనపడేదాకా ఆగకుండా పశువైద్యుణ్ని పిలవండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈలోగా దాణా, కుడితి పూర్తిగా ఆపండి. ఎండుగడ్డి మాత్రం ముందు వేయండి. పశువు నడవగలిగితే మెల్లగా నడిపించండి. తినే సోడా ఎంత పట్టాలో డాక్టరునే అడగండి.

పచ్చి లూసర్న్, అలసంద ఎక్కువ మేసి ఎడమ డొక్క డోలులా ఉబ్బితే అది కడుపుబ్బరం. ముందుకాళ్లు ఎత్తుగా ఉండేలా నిలబెట్టి, పావు లీటరు నుంచి అర లీటరు వంటనూనె నెమ్మదిగా తాగించి డాక్టరుకు కబురు చేయండి. తల మరీ పైకెత్తి, నాలుక పట్టి లాగి పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే నూనే ప్రాణం తీస్తుంది.

రేపు మీ ఇంట్లో శుభకార్యం జరిగినా అన్నం మిగలక మానదు. పదిమందికి పంచండి, కోళ్లకు వేయండి, మిగిలింది పెంటకుప్పలో పోయండి. కుడితి గోలెం మీద మాత్రం ఆ రోజు మూతపెట్టి ఉంచండి. గేదె నోరు లేనిది. దాని పొట్టలో ఉన్నవి కంటికే కనపడనివి. రెండింటి తరఫునా ఆలోచించాల్సింది రైతే.